‘జీవితాంతం మీదే’ అన్న మాట నమ్మి ఫొటో సాఫ్ట్‌వేర్ కొనకండి

ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎంపిక గురించి ఒక సందేశం చాలాకాలంగా చేతులు మారుతోంది. సారాంశం ఇది: “చందా అద్దె ఇల్లు, ఒకసారి కొన్నది సొంత ఇల్లు. కొంటే జీవితాంతం మీదే. చందా ఆపితే మీ ఫొటోలకు తాళం పడుతుంది. ఉచితంగా దొరికేవి సరదాకే తప్ప పనికి రావు.” ఎడిటింగ్ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవారు దీన్ని నమ్మి డబ్బు పెడుతున్నారు. నాకు బాధ కలిగించేది అదే. అందుకే ఒక్కో మాటనూ విడిగా చూద్దాం.

ముందుగా “జీవితాంతం మీదే” అన్నది. మీరు కొనేది ఒక వెర్షన్‌ను వాడుకునే అనుమతి. ఆ అనుమతికి గడువు లేకపోవచ్చు, కానీ అది నడిచే కంప్యూటర్‌కూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ గడువు ఉంటుంది. ఫొటోలు సర్దుకోవడానికీ సరిదిద్దుకోవడానికీ అడోబీ సంస్థ చేసిన లైట్‌రూమ్ 6నే తీసుకోండి. 2015లో వచ్చింది. అడోబీ ఒకసారి కొనుక్కునే పద్ధతిలో అమ్మిన చివరి లైట్‌రూమ్ అదే. 2017 చివర్లో దానికి అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆ తర్వాత మార్కెట్లోకి వచ్చిన కెమెరాల రా ఫైళ్ళను (కెమెరా దాచే ముడి ఫొటోలను) అది నేరుగా తెరవలేదు; ముందు డీఎన్‌జీ అనే అడోబీ రా ఫైలు రూపంలోకి మార్చుకోవాలి. మరుసటి ఏడాది అందులోని మ్యాప్ విభాగం కూడా పనిచేయడం మానేసింది. 2019లో ఆపిల్ కాటలీనా అనే మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో పాత పద్ధతి 32 బిట్ ప్రోగ్రాములను పూర్తిగా పక్కన పెట్టింది. దాంతో సొంత డబ్బుతో కొన్న ఫొటోషాప్ సీఎస్6ను కొత్త మ్యాక్‌లో ఇన్‌స్టాల్ చేయడమే కష్టమైపోయింది, ఎందుకంటే దాని ఇన్‌స్టాలరే 32 బిట్‌ది. అంతకు ముందే, ఇంకా పాతదైన సీఎస్2 వెర్షన్‌ను కొన్నది అసలుదో కాదో ఇంటర్నెట్‌లో సరిచూసే యాక్టివేషన్ సర్వర్లు మూతపడ్డాయి. అప్పుడు కొన్నవారి కోసం యాక్టివేషన్ అక్కర్లేని ప్రతిని అడోబీ విడిగా ఇవ్వవలసి వచ్చింది. ఇల్లు మీదే కావచ్చు, అక్కడికి వెళ్ళే దారి మాత్రం మరొకరిది.

అలాగని ఒకసారి కొనడం దండగని నేను అనను. సెరిఫ్ సంస్థ 2015లో అఫినిటీ ఫొటో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ను తెచ్చింది. రెండో వెర్షన్ 2022 నవంబరులో గానీ రాలేదు. మొదట్లోనే కొన్నవారికి ఏడేళ్ళపాటు అప్‌డేట్లు ఉచితంగా అందాయి. అది చాలా మంచి బేరం. కానీ రెండోదానికి మళ్ళీ డబ్బు కట్టాల్సి వచ్చింది. 2024లో ఆన్‌లైన్ డిజైన్ సంస్థ కాన్వా సెరిఫ్‌ను కొన్నది, 2025 అక్టోబరులో అఫినిటీని ఉచితం చేసింది. ఏఐ సౌకర్యాలు కావాలంటే మాత్రం కాన్వా చందా కట్టాలి. పదేళ్ళలో ఒకే సాఫ్ట్‌వేర్ ఒక వర్గంలోంచి మరో వర్గంలోకి వెళ్ళిపోయింది. కాబట్టి కొనేటప్పుడు జీవితాంతానికి లెక్క వేయకండి. నాలుగైదేళ్ళకు వేయండి. అప్పటికీ గిట్టుబాటు అయితే నిశ్చింతగా కొనండి.

“చందా ఆపితే ఫొటోలకు తాళం పడుతుంది” అన్నది సగం నిజం. మిగతా సగం జనాన్ని అనవసరంగా భయపెడుతోంది. ఇప్పుడు చందాతో దొరికే లైట్‌రూమ్ క్లాసిక్, ఆ చందా ముగిశాక కూడా తెరుచుకుంటుంది. ఫొటోలు చూడవచ్చు, ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. ఫొటోలను సరిదిద్దే డెవలప్ విభాగం, మ్యాప్ విభాగం మాత్రం పనిచేయవు. ఫొటోషాప్ ఆగిపోతుంది గానీ అందులో సేవ్ చేసిన మీ పీఎస్‌డీ ఫైళ్ళు మీ డిస్కులోనే ఉంటాయి. వాటిని ఉచిత ప్రోగ్రాములైన గింప్, కృత, పైన చెప్పిన అఫినిటీ తెరుస్తాయి. అయితే స్మార్ట్ ఆబ్జెక్టులు (అసలు చిత్రాన్ని లోపల దాచుకునే లేయర్లు), కొన్ని సర్దుబాటు లేయర్లు (అసలు చిత్రాన్ని తాకకుండా రంగు, వెలుగు మార్చే పొరలు) ఉన్నవి ఉన్నట్టు రావు. పోయేది చిత్రం కాదు, దాన్ని మళ్ళీ మార్చుకునే వీలు. చందా వదిలే ముందు ముఖ్యమైనవాటిని నాణ్యత తగ్గని 16 బిట్ టిఫ్ ఫైళ్ళుగా దాచుకుంటే కనీసం పూర్తయిన పని చెక్కుచెదరదు.

చందాలో నిజంగా జాగ్రత్త పడవలసిన చోటును ఆ సందేశం పట్టించుకోనేలేదు. నెలనెలా కట్టేదంతా నెలవారీ ఒప్పందం కాదు. ఏడాది ఒప్పందానికి వాయిదాల్లో చెల్లించే పద్ధతి కూడా ఉంటుంది. దాన్ని మధ్యలో వదిలితే రుసుము పడుతుంది. ఈ రుసుమును స్పష్టంగా చెప్పకుండా దాచిందంటూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 జూన్‌లో అడోబీపై దావా వేసింది. చేరే ముందు ఆ ఒక్క వాక్యం వెతికి చదవండి. ఇక చందా కట్టేవాళ్ళంతా మోసపోతున్నారనడం అన్యాయం. రోజూ ఖాతాదారుల ఫైళ్ళతో పనిచేసేవారికి, కొత్త కెమెరా వచ్చిన నెలలోనే దాని రా ఫైళ్ళు తెరవవలసినవారికి అది పనిముట్టు ఖర్చు, అంతే.

చివరిది, “ఉచితం సరదాకే” అన్నది. గింప్‌ను 1995లో బర్కిలీ విద్యార్థులు ఇద్దరు మొదలుపెట్టారు. 2018లో 2.10 వెర్షన్‌తో, రంగుల ఛాయలను మరింత సూక్ష్మంగా పట్టుకునే 16, 32 బిట్ ఎడిటింగ్ వచ్చింది. ఫిల్టర్ వేశాక కూడా వెనక్కి వెళ్ళి దాన్ని మార్చుకునే సౌకర్యం 2025 మార్చిలో 3.0తో వచ్చింది. ఇలా వెనక్కి వెళ్ళి మార్చుకునే వీలిచ్చే సర్దుబాటు లేయర్లు ఫొటోషాప్‌లో 1996 నుంచే ఉన్నాయి. ఆలస్యం నిజమే, ఒప్పుకుంటాను. ముద్రణ కోసం నేరుగా సీఎంవైకేలో (అచ్చుకు వాడే నాలుగు సిరాల రంగుల పద్ధతిలో) ఎడిట్ చేసే వీలు గింప్‌లో ఇప్పటికీ లేదు, కృతలో ఉంది. రా ఫైళ్ళకు డార్క్‌టేబుల్, రాథెరపీ అనే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. డార్క్‌టేబుల్ మీ మార్పులను పక్కనే చిన్న ఎక్స్‌ఎంపీ ఫైలులో రాసుకుంటుంది, అసలు ఫొటోను తాకదు. పెళ్ళి ఆల్బమ్‌కు కావలసిన ఫొటోలన్నీ దానితోనే సిద్ధం చేయవచ్చు.

కాకపోతే ఉచితాల్లో రెండు రకాలున్నాయి, సందేశం వాటిని కలిపేసింది. ఫొటో ఫిల్టర్ల ప్యాకేజీ అయిన నిక్ కలెక్షన్‌ను గూగుల్ 2016లో ఉచితం చేసింది. ఏడాది తిరిగేసరికి ఇక అప్‌డేట్లు ఉండవంది. 2017 అక్టోబరులో దాన్ని డీఎక్స్‌ఓ అనే ఫొటో సాఫ్ట్‌వేర్ సంస్థ కొన్నది, తర్వాతి వెర్షన్లను డబ్బుకే అమ్మింది. అది యజమాని ఇష్టంమీద నడిచే ఉచితం. గింప్, డార్క్‌టేబుల్ సోర్స్ కోడ్ (ప్రోగ్రామును రాసిన మూల పాఠం) మాత్రం అందరికీ అందుబాటులో ఉంది. వాటి నేటి రచయితలు మానేసినా మరొకరు కొనసాగించవచ్చు.

ఏది తీసుకోవాలో తేల్చుకోలేకపోతే ఒక పరీక్ష చేయండి. ట్రయల్ వెర్షన్‌లో మూడు లేయర్లు (పొరలు), ఒక మాస్కు (పొరలో కొంత భాగాన్ని దాచే తెర), కాస్త అక్షరాలతో ఒక చిత్రం చేసి సేవ్ చేయండి. దాన్ని మరో ప్రోగ్రాములో తెరవండి. మాస్కు మిగిలిందా, అక్షరాలు ఇంకా మార్చుకునేలా ఉన్నాయా, రంగులు మారాయా చూడండి. పావుగంట పని. డబ్బు కట్టే ముందే చేయండి.