ఐదు షాట్లు కాలిస్తే రెండింటినే ఎందుకు కొలవాలి?

బెంచ్‌రెస్ట్ పోటీల్లో రైఫిల్‌ను బల్లపై ఆనించి కాలుస్తారు; టార్గెట్‌పై పడ్డ రంధ్రాల గుంపు, అంటే గ్రూపు, ఎంత చిన్నదైతే అంత మంచిది. ఈ గ్రూపులను కాలిపర్ అనే చేతి కొలత పరికరంతో కొలవడం మాని, టార్గెట్ కాగితాన్ని స్కాన్ చేసి సాఫ్ట్‌వేర్‌తో కొలవాలని ఒక వ్యాసంలో చదివాను, దానితో ఏకీభవిస్తున్నాను. కానీ పరికరం మారిస్తే సరిపోదు, కొలిచే విషయం కూడా మారాలి.

ఇప్పుడు ఐదు రంధ్రాల్లో బాగా దూరంగా ఉన్న రెండింటి మధ్య దూరమే లెక్క. అంచు నుంచి అంచుకు కొలిచి, బుల్లెట్ వ్యాసం తీసేస్తారు. మిగతా మూడు ఎక్కడ పడ్డాయో ఎవరికీ పట్టదు. నాలుగు ఒకే రంధ్రంలోంచి వెళ్లి, గాలి మారి ఐదోది పక్కకు పోయిందనుకోండి. ఐదూ చెల్లాచెదురైన గ్రూపుతో అది సమానమైపోవచ్చు. ఇది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది. అన్ని షాట్ల మధ్యబిందువు కనుక్కుని, అక్కడి నుంచి ఒక్కో షాట్ దూరానికి సగటు తీస్తే ప్రతి బుల్లెట్‌కూ విలువ ఉంటుంది. దీన్నే మీన్ రేడియస్ అంటారు. చేత్తో చేయాలంటే తలనొప్పి, కంప్యూటర్‌కు క్షణాల పని.

అయితే స్కానింగ్‌కూ ఒక చిక్కుంది. కాగితంలో రంధ్రం తరచూ బుల్లెట్ కన్నా చిన్నగా కనిపిస్తుంది. ఐదూ ఒకే చిరుగులో కలిసిపోతే మధ్యలో పడ్డ షాట్ కేంద్రం ఏ సాఫ్ట్‌వేర్‌కూ దొరకదు. అంగుళంలో వెయ్యో వంతును లెక్కపెట్టే ఆటలో ఇది చిన్న విషయం కాదు. ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో ఎలక్ట్రానిక్ టార్గెట్లు షాట్‌కు గరిష్ఠంగా 10.9 పాయింట్ల వరకు దశాంశాల్లో స్కోరిస్తూ ఒక్కో షాట్‌ను విడిగా నమోదు చేస్తున్నాయి. ఇక్కడా షాట్ పడగానే దాని స్థానాన్ని, ఇంకా సూక్ష్మంగా, పట్టుకునే ఏర్పాటు కావాలి. అప్పటిదాకా పాత దూరం కొలతనూ మీన్ రేడియస్‌నూ పక్కపక్కనే ప్రకటించండి. పాత రికార్డులను మాత్రం పాత లెక్కలోనే ఉంచండి.