పెగ్గులో ప్యూరిన్లు లేనంత మాత్రాన గౌట్ ఊరుకుంటుందా?

"గౌట్ ఉన్నవాళ్లకు శుభవార్త" అంటూ ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. గౌట్ అంటే రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువై, అది స్ఫటికాలుగా కీళ్లలో, ముఖ్యంగా కాలి బొటనవేలి దగ్గర, పేరుకుని ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి, వాపు (దీన్నే అటాక్ అంటారు) తెచ్చే జబ్బు. ప్యూరిన్లంటే ఒంట్లో విరిగి యూరిక్ యాసిడ్‌గా మారే పదార్థాలు. ఆ మెసేజ్‌లో క్లుప్తంగా ఉన్నది ఇది. గౌట్‌కి శత్రువు బీరు ఒక్కటే, ఎందుకంటే ప్యూరిన్లు ఉండేది అందులోనే. విస్కీ, వోడ్కాల్లో ప్యూరిన్లు ఉండవు కాబట్టి నిశ్చింతగా తాగొచ్చు. రెడ్ వైన్ అయితే కీళ్లకు మంచిది కూడా. పెగ్గుకో గ్లాసు నీళ్లు తాగితే యూరిక్ యాసిడ్ ఒంట్లో నిలవదు. మాత్రలు వాడేవాళ్లు, రిపోర్టు నార్మల్ వచ్చినవాళ్లు అసలు భయపడక్కర్లేదు. వారానికి ఒక్కరోజు తాగితే అది లెక్కలోకే రాదు.

మొత్తం అబద్ధమే అయితే ఇంతమంది నమ్మేవాళ్లు కాదు. బీరులో ప్యూరిన్లు ఎక్కువే. విస్కీ లాంటి స్పిరిట్స్‌లో దాదాపు ఉండవు. ఇంతవరకు నిజం. అక్కడి నుంచి చేసిన లెక్కే తప్పు.

మొదట విస్కీ సంగతి. మెసేజ్ రాసినాయన గ్లాసులో ఏముందో చూశాడు గానీ, తాగాక ఒంట్లో ఏం జరుగుతుందో చూడలేదు. మన శరీరంలో తయారయ్యే యూరిక్ యాసిడ్‌లో తిండి, పానీయాల నుంచి వచ్చేది సుమారు మూడో వంతే. మిగతాదంతా మన కణాల్లోని ప్యూరిన్లు విరిగిపోవడం వల్ల వస్తుంది. ఆల్కహాల్ ఈ పనిని వేగవంతం చేస్తుంది. దాన్ని అరిగించడానికి లివర్ ఏటీపీని, అంటే కణాలు శక్తి కోసం వాడుకునే పదార్థాన్ని, గబగబా ఖర్చు పెడుతుంది. ఏటీపీలో ఉన్నదే ప్యూరిన్. అది విరిగితే చివరికి మిగిలేది యూరిక్ యాసిడ్. అంటే ప్యూరిన్ చుక్కయినా లేని వోడ్కా తాగినా యూరిక్ యాసిడ్ పెరుగుతుంది.

అక్కడితో అయిపోలేదు. ఆల్కహాల్ అరిగేటప్పుడు రక్తంలో లాక్టిక్ యాసిడ్ కూడా పెరుగుతుంది. దానివల్ల కిడ్నీలు యూరిక్ యాసిడ్‌ను మూత్రంలోకి వదలకుండా తిరిగి రక్తంలోకే పంపుతాయి. గౌట్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి అసలు ఇబ్బందే కిడ్నీలు దీన్ని సరిపడా బయటికి పంపలేకపోవడం. అలాంటివాళ్లు తాగడమంటే పైన కుళాయి ఇంకాస్త తిప్పి, కింద తూము మూసినట్టే. బీరు ఈ రెండూ చేస్తూనే తన ప్యూరిన్లను కూడా కలుపుతుంది కాబట్టి అన్నిటికంటే చెడ్డపేరు తెచ్చుకుంది. ఆ పేరు దానికి తగినదే. దాని పక్కనున్న సీసాలు మాత్రం నిర్దోషులేం కావు. (ఆల్కహాల్ లేని బీరు సంగతేంటని అడిగేవాళ్లు ఉంటారు. ఆల్కహాల్ తీసేసినా ప్యూరిన్లు చాలావరకు అందులోనే ఉంటాయి.)

ఇక వైన్. ఈ మాటకు ఒక అసలు పరిశోధనే ఆధారం, కాకపోతే దాన్ని సగమే చదివారు. 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో 47 వేలకు పైగా మగవాళ్లను 12 ఏళ్లపాటు గమనించారు. రోజూ తాగే ఒక్కో బీరుకు గౌట్ వచ్చే అవకాశం 49 శాతం, ఒక్కో పెగ్గు స్పిరిట్స్‌కు 15 శాతం పెరిగిందని తేలింది. మితంగా తాగే వైన్‌తో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అందరూ పట్టుకున్నది ఈ చివరి ముక్కనే. కానీ అధ్యయనం మొదలయ్యేసరికి ఆ మగవాళ్లకు గౌట్ లేదు. కొత్తగా ఎవరికి వస్తుందన్నదే అక్కడ ప్రశ్న. ఇప్పటికే కీళ్లలో స్ఫటికాలు పేరుకున్న మనిషి తాగితే ఏమవుతుందన్నది వేరే ప్రశ్న, ఆ మెసేజ్ చదివేవాళ్లకు కావలసింది ఆ రెండో ప్రశ్నకు జవాబు.

ఆ జవాబు 2014లో వచ్చింది. బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు గౌట్ ఉన్న 724 మందిని ఏడాదిపాటు గమనించారు. ఒక్కొక్కరి విషయంలో అటాక్ వచ్చే ముందు 24 గంటల్లో తాగినదాన్ని, అదే మనిషి అటాక్ లేని రోజుల్లో తాగినదానితో పోల్చారు. ఒక్కో మనిషిని తనతోనే పోల్చడం వల్ల వయసు, వంశం లాంటి తేడాలు ఫలితాన్ని తారుమారు చేయవు. బీరు, స్పిరిట్స్, వైన్ మూడింటితోనూ అటాక్ ముప్పు పెరిగింది. ఏదైనా సరే 24 గంటల్లో ఒకటి దాటి రెండు డ్రింకుల దాకా తాగితే 36 శాతం, రెండు దాటి నాలుగు దాకా వెళ్తే 51 శాతం ఎక్కువ. "వైన్ మంచిది" అనే వాదన నాకు తెలిసి ఇక్కడితో సరి.

వారానికి ఒక్కరోజే కదా అన్న మాటకు జవాబు కూడా ఇందులోనే ఉంది. లెక్క 24 గంటలది, వారం సగటుది కాదు. వారమంతా ఆగి ఒక్క రాత్రి ఆరు పెగ్గులు వేసేవాడికి సగటు చిన్నగానే కనిపిస్తుంది, బొటనవేలికి ఆ సగటుతో పనిలేదు.

నీళ్ల సలహా పనికిరానిదేం కాదు. ఒంట్లో నీరు తగ్గితే యూరిక్ యాసిడ్ చిక్కబడుతుంది, తాగినప్పుడు నీరు ఎక్కువగా పోతుంది కూడా. కాబట్టి నీళ్లు తాగండి. కానీ లివర్‌లో జరిగే తయారీని, కిడ్నీలు వెనక్కి పంపడాన్ని నీళ్లు ఆపలేవు. మాటిమాటికీ మూత్రం వచ్చినంత మాత్రాన యూరిక్ యాసిడ్ కూడా అంతే పోతోందని అర్థం కాదు.

మాత్రల విషయంలో నాకు ఎక్కువ కోపం. అలోప్యూరినాల్, ఫెబుక్సోస్టాట్ లాంటివి యూరిక్ యాసిడ్ తయారీని తగ్గిస్తాయి, అదీ నెలల తరబడి క్రమం తప్పకుండా వాడితేనే. తాగే రోజు అదనంగా వేసుకుంటే కాపాడే కవచాలు కావవి. పైగా మొదలుపెట్టిన తొలి నెలల్లో, పాత స్ఫటికాలు కరిగేటప్పుడు, అటాక్‌లు ఎక్కువగా వచ్చే అవకాశం ఉంది. అందుకే ఆ కొన్ని నెలలు డాక్టర్లు అటాక్ రాకుండా అడ్డుకునే కోల్చిసిన్ లాంటి మందు తక్కువ మోతాదులో కలిపి ఇస్తారు. సరిగ్గా ఆ సమయంలో "మాత్ర వేస్తున్నాగా" అని తాగడం అంటే కోరి తెచ్చుకోవడమే. ఇంకొందరు దీనికి తలకిందులుగా, తాగే రోజు మాత్ర మానేస్తారు. అది ఇంకా నష్టం. ఇక నొప్పి మాత్రలు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకుని తాగితే కడుపులో పుండ్లు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. అటాక్ రాత్రి నొప్పి మరిచిపోవడానికి పెగ్గు, దాని మీద నొప్పి మాత్ర వేసేవాళ్లు ఈ వాక్యం మళ్లీ చదవాలి.

రిపోర్టు నార్మల్ అన్నదాంట్లో రెండు చిక్కులున్నాయి. నొప్పి ఉన్నప్పుడు పరీక్ష చేస్తే కొందరిలో యూరిక్ యాసిడ్ మామూలుగానే కనిపిస్తుంది, అందుకని అటాక్ తగ్గాక రెండు మూడు వారాలకు మళ్లీ చూడాలి. రెండోది, స్ఫటికాలు ఏర్పడే అవకాశం డెసిలీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటినప్పటి నుంచి ఉంటుంది. గౌట్ ఉన్నవాళ్లకు డాక్టర్లు పెట్టుకునే లక్ష్యం 6 కంటే తక్కువ. రిపోర్టు పక్కన 7 దాకా నార్మల్ అని అచ్చు వేసి ఉంటే, ఆ అంకె మీ కోసం వేసింది కాదు.

ఇంత చెప్పాక ఎదుటివైపు అతి గురించి కూడా చెప్పాలి. "తాగుడు మానెయ్, గౌట్ పోతుంది" అనేవాళ్లు కూడా తప్పే చెబుతున్నారు. జీవితంలో చుక్క ముట్టనివాళ్లకూ గౌట్ వస్తుంది. వంశపారంపర్యం, కిడ్నీల పనితీరు, బరువు, బీపీకి వాడే కొన్ని మూత్రం మాత్రలు, వీటన్నిటికీ ఇందులో పాత్ర ఉంది. మానేస్తే అటాక్‌లు తగ్గొచ్చు గానీ, తరచూ వచ్చేవాళ్లకు అదొక్కటే సరిపోదు, మాత్రలు కావాలి. దీన్ని తాగుబోతుల జబ్బుగా చూడటం వల్ల ఇంకో నష్టం ఉంది. ఎంత తాగుతున్నారో డాక్టర్ దగ్గర తగ్గించి చెబుతారు, దాంతో లెక్క తప్పుతుంది.

మరి చుక్క కూడా వద్దా? అటాక్ ఉన్నన్నాళ్లు, చికిత్స మొదలుపెట్టిన తొలి నెలల్లో, అసలు వద్దు. యూరిక్ యాసిడ్ చాలాకాలంగా 6 లోపు ఉండి, అటాక్‌లు ఆగిపోయినవాళ్లు అప్పుడప్పుడు కొద్దిగా తీసుకోవచ్చా అన్నది డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోవాల్సిన విషయం. ఏ సీసా అన్నదానికంటే ఎంత అన్నదే అక్కడ ముఖ్యం.

రోజూ ఎక్కువగా తాగే అలవాటున్నవాళ్లు మాత్రం ఇది చదివి రేపటి నుంచే ఒక్కసారిగా ఆపేయొద్దు. అలా ఆపితే చేతులు వణకడం, చెమటలు పట్టడం, కొందరిలో ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. ముందు డాక్టర్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పి, వాళ్ల పర్యవేక్షణలో మానుకోవాలి.