సైకిల్‌కు దారేది?

హైదరాబాద్‌లో సైకిల్ ప్రస్తావన రాగానే అధికారులు ముందుగా చూపించేది ఔటర్ రింగ్‌రోడ్డు వెంట సౌరఫలకాల కప్పు కింద సాగే ట్రాక్‌నే. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వరకు, నార్సింగి నుంచి కొల్లూరు వరకు 23 కిలోమీటర్ల పొడవున నిర్మించిన ఆ మార్గం 2023 అక్టోబరులో ప్రారంభమైంది. అది మంచి నిర్మాణమే. ఎండావానల బెడద లేకుండా, వాహనాల భయం లేకుండా పిల్లాపెద్దా వ్యాయామం చేసుకునే చోటు నగరానికి అవసరమే. కానీ పొట్టకూటి కోసం సైకిల్ తొక్కేవారి దారి అది కాదు. జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి, కాటేదాన్ పారిశ్రామికవాడలకు పనికి వెళ్లే కార్మికులకు, అపార్టుమెంట్లలో కాపలా కాసే వాచ్‌మన్‌కు, పాలు, పత్రికలు వేసేవారికి ఆ కప్పు నీడ పడదు. వారు లారీలతో, మోటారు సైకిళ్లతో ఒకే రోడ్డు మీద నడవాల్సినవారు. సైకిలిస్టుల భద్రత గురించి మాట్లాడాల్సి వస్తే వారితోనే మొదలుపెట్టాలి.

పగటిపూట నగరంలోని ప్రధాన రహదారులపై భారీ సరకు వాహనాలకు ఆంక్షలున్నాయి. బస్సులు, కార్లు కిక్కిరిసే వేళ లారీలు అడ్డుపడకూడదన్న ఆలోచన సబబే. అయితే దాని ఫలితంగా లారీల రాకపోకలు చాలావరకు రాత్రికి, తెల్లవారుజాముకు కుదించుకుపోయాయి. బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయలు దించిన లారీ, ఇసుక, కంకర మోసే టిప్పరు ఆంక్షల వేళ మొదలయ్యేలోగా నగరం దాటాలన్న తొందరలో ఉంటాయి. సరిగ్గా ఆ గంటల్లోనే మొదటి షిఫ్టు కార్మికులు, రాత్రి డ్యూటీ దిగి ఇంటికి మళ్లే కాపలాదారులు, పారిశుద్ధ్య కార్మికులు సైకిళ్ల మీద రోడ్డెక్కుతారు. అప్పటికి చాలా కూడళ్లలో సిగ్నళ్లు పసుపు దీపం మిణుకు మిణుకుమనే స్థితిలోనే ఉంటాయి, ట్రాఫిక్ కానిస్టేబుల్ ఇంకా విధుల్లోకి వచ్చి ఉండడు, రోడ్డు ఖాళీగా ఉండటంతో వేగానికి అడ్డూ ఆపూ ఉండదు. కార్ల సౌకర్యం కోసం చేసిన ఏర్పాటు సైకిల్‌ను తీసుకెళ్లి లారీ ముందు నిలబెట్టింది. ఎవరూ కావాలని అలా చేయలేదు కానీ, తెలిసిన తర్వాత కూడా సరిదిద్దకపోతే దాన్ని నిర్లక్ష్యమనే అనాలి.

ఈ సంపాదకీయం ఎందరో పాఠకుల గుమ్మం చేరేది కూడా అలాంటి సైకిల్ మీదే. మూసి ఉన్న దుకాణం అరుగు మీద కూర్చుని ప్రధాన సంచికలో అనుబంధాలు, కరపత్రాలు దూర్చి, కట్టలను క్యారియర్‌కు రబ్బరు ట్యూబుతో బిగించి, పట్టనివాటిని హ్యాండిల్‌కు తగిలించిన సంచిలో వేసుకుని బయలుదేరే యువకుడి సైకిల్‌ను ఒకసారి పరిశీలనగా చూడండి. బరువంతా వెనకే ఉంటుంది కాబట్టి హఠాత్తుగా పక్కకు తిప్పితే ముందు చక్రం నిలవదు. డైనమో లైటు ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. వెనక నుంచి వచ్చే వాహనానికి మెరుస్తూ కనబడాల్సిన ఎర్రటి రిఫ్లెక్టర్‌ను కిందికి జారిన పత్రికల కట్టే కప్పేస్తుంది. వేగంగా వచ్చే లారీ డ్రైవర్‌కు ఆ సైకిల్ కనబడేసరికి బ్రేకు వేసినా ఆగనంత దగ్గరికి వచ్చేసి ఉంటాడు.

డ్రైవర్లందరినీ దోషులుగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. మన లారీల్లో డ్రైవర్ కుడివైపున, ఎత్తులో కూర్చుంటాడు. క్యాబిన్‌కు ఎడమపక్కన, కిటికీ అంచుకు దిగువన వచ్చే సైకిల్ అద్దంలో కూడా కనబడని చోటు ఉంటుంది. వెనకటికి క్లీనర్ ఎడమ కిటికీలోంచి తల బయటపెట్టి, తలుపు మీద చేత్తో చరుస్తూ డ్రైవర్‌ను హెచ్చరించేవాడు. ఖర్చు తగ్గించుకునే క్రమంలో చాలామంది యజమానులు ఆ మనిషిని తీసేశారు, అతను చూసిపెట్టే ఎడమవైపు చూపు కూడా అతనితోనే పోయింది. పైగా పొడవాటి లారీ ఎడమకు మళ్లేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో నడవవు, మలుపు లోపలి అంచును కోసుకుంటూ వస్తాయి. లారీ ముందు భాగం తనను దాటిపోయింది కదా అని సైకిలిస్టు ఊపిరి పీల్చుకునే క్షణంలోనే అసలు ప్రమాదం పొంచి ఉంటుంది. ఎర్రలైటు పడినా ఆగకుండా ఎడమకు మళ్లే 'ఫ్రీ లెఫ్ట్' వంపులు మన కూడళ్లలో దీన్ని మరింత పెంచుతున్నాయి.

ఇలా పక్కనుంచి జారినవారు చక్రాల కిందికి పోకుండా ఆపేందుకే భారీ సరకు వాహనాలకు పక్క రక్షణ కడ్డీలు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. నగరంలో తిరిగే టిప్పర్లను చూస్తే కొన్నింటికి అవి వంగి వేలాడుతుంటాయి, కొన్నింటికి అసలు ఉండవు. ఫిట్‌నెస్ పత్రం ఇచ్చే రోజున ఉన్న కడ్డీ మర్నాడు ఎందుకు మాయమవుతోందో రవాణా శాఖ రోడ్డు మీద తనిఖీ చేసి తేల్చాలి. లండన్‌లో 12 టన్నులు దాటిన లారీలకు డ్రైవర్ చూపు ఎంతవరకు ఆనుతుందో లెక్కగట్టి అనుమతులివ్వడం, లేనివాటికి జరిమానా వేయడం 2021 మార్చిలోనే మొదలైంది. ఇక్కడ కనీసం నగరంలో నడిచే టిప్పర్లకు, రెడీమిక్స్ వాహనాలకు పక్క కడ్డీ, ఎడమవైపు అదనపు అద్దం, కెమెరా తప్పనిసరి చేయడం ప్రభుత్వానికి శక్తికి మించిన పనేమీ కాదు.

మోటారు సైకిళ్ల వల్ల కలిగే ఇబ్బంది వేరు. అవి సైకిల్ నడిచే ఎడమ అంచునే తమ దారిగా చేసుకుంటాయి, యూటర్న్ దూరమైతే రాంగ్ రూట్లో ఎదురొస్తాయి. నిమిషాల గడువుతో సరుకులు మోసే డెలివరీ కుర్రాళ్ల తొందర వెనక వారి కంపెనీల ఒత్తిడి ఉందన్న సంగతినీ విస్మరించలేం. 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర మోటారు వాహనాలపై ఉన్నవారే. సైకిలిస్టుల వాటా సుమారు 3 శాతం. ఆ అంకె చూసి ఊరట చెందడం తప్పు. భయంతో సైకిల్ మానేయగలిగినవారు మానేశారు, మరో గత్యంతరం లేనివారే మిగిలారు.

ఆ ఎడమ అంచైనా సవ్యంగా ఉందా అంటే అదీ లేదు. పొర మీద పొర తారు పోయడంతో మ్యాన్‌హోళ్లు గుంతలయ్యాయి. వాననీటి కాలువల ఇనుప జాలీల సందులు సైకిల్ చక్రం ఇరుక్కునేటట్టు ఉన్నాయి. అక్కడే ఇసుక మేట, అక్కడే ఆగిన ఆటో. వాటిని తప్పించుకోవడానికి సైకిల్ కుడికి జరిగితే వెనక ఏముందో దైవాధీనం. రోడ్డు నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక ప్రాణం పోతే బాధ్యులైన అధికార సంస్థకు, గుత్తేదారుకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించే 198ఎ సెక్షన్‌ను 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేర్చారు. దాన్ని ప్రయోగించడం మొదలుపెడితే జాలీలు వాటంతటవే సరవుతాయి. వాహనాలకన్నా మనుషుల కదలికకే ప్రాధాన్యమివ్వాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పిన మాటను కూడా నగరంలో ఫ్లైఓవర్లు కట్టినంత శ్రద్ధతో ఎవరూ పట్టించుకోలేదు.

తెల్లవారుజామున గుద్దిన లారీ ఆగకుండా వెళ్లిపోతే సాక్షులుండరు. అటువంటి కేసుల్లో మృతుడి కుటుంబానికి 2 లక్షల రూపాయలు, తీవ్రంగా గాయపడినవారికి 50 వేల రూపాయలు ఇచ్చే పథకం 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సొంత బీమా లేని ఈ కుటుంబాలకు అదే ఆధారం, కానీ దరఖాస్తు ఎవరికి ఇవ్వాలో వారికి చెప్పేవారే కరవు. ప్రమాద కేసు నమోదు చేసిన ఠాణాయే ఆ కాగితాలు పూర్తి చేయించి రెవెన్యూ అధికారికి పంపాలి. సైకిలిస్టులు గాయపడిన, మరణించిన ప్రతి ఘటన ఏ కూడలిలో, ఏ గంటలో, ఏ వాహనం వల్ల జరిగిందో పోలీసులు నెలనెలా వెల్లడించాలి. ఆ జాబితాలో మొదట నిలిచే కూడళ్లలో తెల్లవారుజామున నాలుగు గంటల నుంచే సిగ్నళ్లు పూర్తిగా పనిచేయాలి, వేగాన్ని పట్టే కెమెరాలు ఉండాలి, ఫ్రీ లెఫ్ట్ వంపులను మూసివేయాలి. పత్రికల పంపిణీదారులు, పాల కేంద్రాల నిర్వాహకులు తమ కోసం సైకిల్ తొక్కే ప్రతి ఒక్కరికీ వెనక లైటు, మెరిసే చొక్కా సమకూర్చాలి. ఆ పనికి ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడనక్కర్లేదు.