గ్యాంట్రీకి సర్టిఫికెట్ ఉంది, తాడును చూసిందెవరు?

చిత్తూరు చుట్టుపక్కల గ్రానైట్ కటింగ్ యూనిట్లలో గ్యాంట్రీ క్రేన్ (కాళ్ల మీద నిలిచి దిమ్మలను ఎత్తే యంత్రం) అడ్డదూలం మీద ‘20 టన్నులు’ అని పెద్ద అక్షరాలతో ఉంటే, కింద వేలాడే దిమ్మ బరువు మాత్రం ఎక్కడా రాసి ఉండదు. మూడు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు, అంతే ఎత్తున్న దిమ్మ 6.75 ఘనపు మీటర్లు. మామూలు గ్రానైటైతే ఘనపు మీటరుకు 2.7 టన్నుల లెక్కన 18 టన్నుల పైచిలుకు. కుప్పం వైపు నల్లరాయి ఘనపు మీటరు 3 టన్నుల దాకా తూగుతుంది. అంటే అదే కొలతల దిమ్మ 20 దాటేసినట్టే. దిమ్మకు చుట్టే స్లింగులు, వాటిని తగిలించే షాకిళ్ల (ఇనుప కొండీల) బరువు అదనం.

ఎత్తే యంత్రాలను, గొలుసులను, తాళ్లను కనీసం 12 నెలలకోసారి అర్హత ఉన్న వ్యక్తి పరీక్షించాలని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్‌లో పెట్టారు. ‘కనీసం’ అన్న మాటను మనవాళ్లు ‘చాలు’ అని చదువుకున్నారు.

రాళ్ల యూనిట్‌లో క్రేన్ ఉక్కుతీగల తాడు ఏడాది దాకా ఆగదు. కోత నీళ్లలో కలిసిన రాతిపొడి గ్రీజుకు పట్టుకుని తీగల మధ్య ఆకురాయిలా అరగదీస్తుంది. పైన నిగనిగలాడే తాడు లోపల తుప్పు పట్టి ఉండొచ్చు. ముందు బురద తుడవాలి, ఆపైన గ్రీజు. క్రేన్ ఆపి, బరువు లేకుండా, గుడ్డపేలికతో తాడును తడమాలి. తెగిన తీగ ఉంటే పేలిక చిక్కుకుంటుంది. ఉత్త చేత్తో తడిమితే చిక్కేది అరచెయ్యే. తాడు మందాన్ని వెర్నియర్‌తో కొలిచేటప్పుడు ఎదురెదురు పేటల (తీగలు మెలేసిన పాయల) ఉబ్బుల మీద పట్టాలి, పల్లంలో పడితే లెక్క తప్పుతుంది. పేటల సందుల్లోంచి తీగలు తెగి కనిపిస్తే లోపల పాడైనట్టు, ఆ తాడు తీసేయాల్సిందే. తాడు కొసను మడిచి బిగించే యూ క్లాంపులున్న చోట జీను భాగం (గాడి ఉన్న ముక్క) బరువు మోసే తాడు మీద, యూ బోల్టు తోక (మడిచిన కొస) మీద ఉండాలి. తిరగేసి బిగిస్తే మోసే తాడే నలుగుతుంది.

రెండు కాళ్ల స్లింగు మధ్య కోణం 120 డిగ్రీలకు విచ్చుకుంటే ఒక్కో కాలు మీద మొత్తం దిమ్మ బరువంత లాగుడు పడుతుంది. పొడవాటి స్లింగు ఖర్చని పొట్టిదానితో సర్దుకునే చోట జరిగేది ఇదే. రాతి అంచుల దగ్గర చెక్కో, పాత టైరు ముక్కో పెట్టకపోతే కొత్త స్లింగైనా తెగుతుంది.

హుక్ నోరు 5 శాతం తెరుచుకుంటే మార్చేయాలి, వేడిచేసి సుత్తితో సరిచేయకూడదు.

షిఫ్టు మొదట్లో ఖాళీ హుక్‌ను మెల్లగా పైకి లేపి లిమిట్ స్విచ్ (హుక్ మరీ పైకి పోకుండా చూసేది) ఆపుతుందో లేదో చూడాలి. మొదటి దిమ్మను జానెడు లేపి బ్రేక్ పట్టు చూడాలి. ఐదు నిమిషాల పని. బయట లారీ హారన్ కొడుతుంటే ఆపరేటర్‌కు ఆ ఐదు నిమిషాలూ దొరకవు. ‘ఈ తాడుతో ఎత్తను’ అన్నవాడి కూలి కోయబోమని యజమాని రాతపూర్వకంగా ఇస్తేనే తనిఖీ రిజిస్టర్‌లో ఉన్నది ఉన్నట్టు పడుతుంది.