గాలి ఎక్కువైందా, పెట్రోలు తక్కువైందా?

పాత కారు కాస్త వణికితే చాలు, మా చిత్తూరు షెడ్లలో వినిపించే మొదటి మాట "కార్బురేటర్ పోయింది సార్, మార్చేద్దాం." కార్బురేటరంటే గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజిన్‌కు అందించే భాగం. ఆ షెడ్ల మాట పట్టుకుని మూడు నెలలు తిరిగాను. ఆ కోపంతోనే రాస్తున్నాను.

మా నాన్నగారు 1996లో కొన్న కారు నాది. గాంధీ విగ్రహం దగ్గర ఆగితే ఐడ్లింగ్ (బండి కదలకుండా ఇంజిన్ మాత్రం నడవడం) నిలకడగా ఉండేది కాదు, వణికి వణికి ఆగిపోయేది. యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్క క్షణం తడబడి కార్బురేటర్‌లోంచి టప్పుమని పేలేది. లేత గోధుమ రంగులో ఉండాల్సిన స్పార్క్ ప్లగ్గులు సున్నం పూసినట్లు తెల్లబడ్డాయి. గాలిని తగ్గించే చోక్ కొంచెం లాగితే మాత్రం ఇంజిన్ కుదురుకునేది. అంటే లీన్‌గా, గాలితో పోలిస్తే పెట్రోలు పాలు తక్కువగా నడుస్తోంది, అందులో సందేహం లేదు.

కానీ లీన్ అని తెలియడం సగం పనే. గాలి ఎక్కువైందా, పెట్రోలు తక్కువైందా? ఈ ప్రశ్న ఒక్కరూ వేయలేదు. ఒకరు కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రాలు, జెట్లు, కడిగారు, ఒకరు పెట్రోలు పంపు మార్చారు. ఇంకొకరు మిక్శ్చర్ స్క్రూ తిప్పి పెట్రోలు పెంచి, సరిపోయిందన్నారు. అది వైద్యం కాదు, జబ్బును కప్పిపెట్టడం. మీరు వెళ్లే పలమనేరు ఎత్తులో ఉంది కదా, అక్కడ గాలి పలచన అని మరొకరు చెప్పారు. గాలి పలచబడితే కార్బురేటర్ కారు రిచ్ అవుతుంది (పెట్రోలు పాలు పెరుగుతుంది) కానీ లీన్ ఎలా అవుతుంది?

నిజానికి సమాధానం పలమనేరు దారిలోని మొగిలి ఘాట్‌లోనే ఉంది. ఎక్కేటప్పుడు కారు చక్కగా లాగేది. పంపు బలహీనమైనా, ఫిల్టర్ మూసుకుపోయినా, పెట్రోలు ఎక్కువ కావలసిన ఆ ఎక్కుడులోనే చతికిలపడాలి. ఆగి ఉన్నప్పుడే వణుకుతోందంటే ఎక్కడో దొంగగాలి లోపలికి పోతోందన్నమాట. ఐడ్లింగ్‌లో గాలి లోపలికి పోయే తలుపు, థ్రాటిల్, మూసి ఉంటుంది; దాని తర్వాత ఇంజిన్‌లోకి దారితీసే మానిఫోల్డ్‌లో వాక్యూమ్, అంటే పీల్చే శక్తి, బలంగా ఉంటుంది. చిన్న పగులైనా చాలు, గాలిని గట్టిగా పీలుస్తుంది. యాక్సిలరేటర్ నిండా తొక్కితే వాక్యూమ్ పడిపోతుంది, ఆ కొంచెం గాలి లెక్కలోకి రాదు.

ఒక ఆదివారం బానెట్ ఎత్తి, వాక్యూమ్ గొట్టాలను మానిఫోల్డ్ మొదట్లో గుడ్డ చుట్టిన పట్టకారుతో ఒక్కొక్కటిగా నొక్కాను. ఆ వాక్యూమ్ సాయంతోనే బ్రేక్ తొక్కడాన్ని తేలిక చేసే బ్రేక్ బూస్టర్ గొట్టం నొక్కగానే ఇంజిన్ కుదుటపడింది. విప్పి చూస్తే అడుగువైపు, కంటికి ఆనని చోట చీలిక!

అప్పుడు గుండె ఝల్లుమంది. బంగారుపాళ్యం వైపు దిగేటప్పుడు బ్రేక్ పెడల్ గట్టిగా తగులుతోందని ఆ మూడు నెలలూ అనుకుంటూనే ఉన్నాను. రెండూ ఒకే జబ్బని తోచలేదు. మామిడి లారీల మధ్య, వెనుక సీట్లో పిల్లలను పెట్టుకుని ఆ ఘాట్ దిగాను. అన్ని షెడ్లు తిరిగినా ఆ గొట్టాన్ని ఒక్కరూ ముట్టుకోలేదు.

ఇంకో సంగతి. పెట్రోలుకు బరువులో 14.7 రెట్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 రెట్లు చాలు. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు కాబట్టి పాత జెట్ల కారు ముందే కొంత లీన్ వైపు జరిగి ఉంటుంది. దానికి ఇలాంటి చీలిక తోడైతే ఇక చెప్పాలా? మరొక మాట, వేడి ఇంజిన్ మీద పెట్రోలు చల్లి లీకు వెతికేవారున్నారు. దయచేసి వద్దు, మంట అంటుకుంటుంది.

కొత్త గొట్టం వేశాక, తిప్పేసిన స్క్రూను వెనక్కి తెచ్చాక ప్లగ్గులకు మళ్లీ రంగు వచ్చింది. నిన్న మొగిలి ఘాట్ దిగాను. పెడల్ మెత్తగా దిగింది.