ఎస్ఆర్-71 ట్యాంకులు కారి ఖాళీ అయ్యేవా?

నల్లటి అమెరికా నిఘా విమానం ఎస్ఆర్-71 బ్లాక్‌బర్డ్ ఫొటో, దాని కింద పది లైన్ల కథ. వాట్సాప్‌లో, యూట్యూబ్ షార్ట్స్‌లో ఇది తిరుగుతూనే ఉంటుంది. కథ సారాంశం ఇది: విమానం రేకుల మధ్య కావాలనే సందులు వదిలారు. నేల మీద ఉన్నంతసేపూ ఇంధనం ధారగా కారిపోయేది. గాల్లోకి లేచేసరికి ట్యాంకులు ఖాళీ అయ్యేవి కాబట్టి వెంటనే ట్యాంకర్ విమానం వచ్చి నింపేది. మ్యాక్ 3 (ధ్వని వేగానికి మూడు రెట్లు) దగ్గర పుట్టే వేడికి సందులు మూసుకునేవి. దాని ఇంధనానికి అగ్గిపుల్ల గీసినా అంటుకోదు. నాలుగు వేల క్షిపణులు వేస్తే వేగం పెంచి అన్నిటినీ తప్పించుకుంది. మనిషి నడిపిన విమానాల్లో ఇంతకంటే వేగంగా వెళ్లింది లేదు.

ఇందులో పచ్చి అబద్ధాలు తక్కువే. నిజమైన విషయానికి తప్పుడు కారణం తగిలించడమే ఎక్కువ. ఆ తప్పుడు కారణాల వల్ల ఈ విమానాన్ని తయారుచేసినవాళ్లు వేడితో చేసిన అసలు పోరాటం కనపడకుండా పోతోంది. అందుకే ఒక్కో మాటా తీసి చూడాలి.

"కావాలనే సందులు వదిలారు."

నేల మీద ఇంధనం కారేది, నిజమే. కానీ డిజైన్‌లో సందులు పెట్టడం వల్ల కాదు. ఈ విమానంలో ఇంధనానికి విడిగా రబ్బరు సంచులు లేవు. రెక్కల రేకు, మధ్య భాగపు రేకే ట్యాంకు గోడలు. ఆ టైటానియం రేకుల అతుకుల మీద లోపలి నుంచి సీలెంట్ (కారకుండా అతుకులు మూసే జిగురు పదార్థం) పూసేవారు. విమానం మ్యాక్ 3 దాటి ఎగిరినప్పుడు రేకు రెండు, మూడు వందల డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కుతుంది, ఒళ్లంతా కొన్ని అంగుళాలు సాగుతుంది. ట్యాంకర్ దగ్గరికి దిగినప్పుడు చల్లబడి కుంచించుకుపోతుంది. మళ్లీ పైకి, మళ్లీ వేడి. ఒక్క మిషన్‌లోనే ఇలా రెండు మూడుసార్లు జరిగేది. ఈ సాగుడు, ముడుచుకోవడం తట్టుకుంటూ, ఇంధనంలో నానుతూ, అతుక్కునే గుణం పోకుండా ఉండే పదార్థం అప్పట్లో దొరకలేదు. సీలెంట్ పెళుసెక్కి పగిలేది. కారుడుకు మూలం అదే.

దాన్ని బాగుచేయడం చిన్న పని కాదు. ట్యాంకులోకి దారి చేసుకోవాలి, పాత సీలెంట్ గీకేయాలి, కొత్తది పొరలు పొరలుగా పూయాలి, గట్టిపడేదాకా ఆగాలి. ఇంతా చేశాక కొన్ని ఫ్లైట్లకే మళ్లీ చెమ్మ మొదలు. అందుకే కారుడు పూర్తిగా ఆపే ప్రయత్నం మానేసి, ఎక్కడ ఎంత కారొచ్చో హద్దు పెట్టుకున్నారు. ఆ హద్దు నిమిషానికి ఇన్ని చుక్కలు అన్న లెక్కలో ఉండేది, విమానం మీది చోటును బట్టి మారేది. గ్రౌండ్ సిబ్బంది ఆ చోట చుక్కలు లెక్కపెట్టేవారు. హద్దు లోపు ఉంటే ఫ్లైట్‌కు సరే, దాటితే రిపేరు. చుక్కలు పట్టే పళ్లాలు (డ్రిప్ పాన్లు), జారుడు నేల వాళ్లకు రోజూ ఉన్నవే. ధారలు మాత్రం కావు.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. సుమారు ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు. నిమిషానికి 60 చుక్కల చొప్పున కారే చోట గంటకు 180 మిల్లీలీటర్లు పోతుంది. అలాంటి చోట్లు విమానం కింద వంద ఉన్నాయనే అనుకుందాం. గంటకు 18 లీటర్లు. ట్యాంకుల సామర్థ్యం దాదాపు 46,000 లీటర్లు. మ్యాక్ 3 దగ్గర రెండు ఇంజిన్లూ కలిసి సెకనుకు సుమారు ఆరు లీటర్లు తాగుతాయి. అంటే గంటసేపు కారిన ఇంధనం మూడు సెకన్ల ప్రయాణానికి సరి. కారి ఖాళీ అయ్యేదన్న మాట ఈ లెక్క దగ్గరే ఆగిపోతుంది.

"అందుకే లేవగానే ట్యాంకర్ నింపేది."

లేవగానే చాలా మిషన్లలో కేసీ-135క్యూ ట్యాంకర్‌ను కలిసిన మాట నిజం. కారణాలు వేరు. ఈ కథ మొత్తంలో ఎక్కువమందికి తెలియని భాగం ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

మొదటిది బరువు. ఖాళీ విమానం సుమారు 60,000 పౌండ్లు. ట్యాంకులు నిండితే ఇంధనమే 80,000 పౌండ్లు. నిండు బరువుతో రన్‌వే మీద పరిగెత్తేటప్పుడు ఒక ఇంజిన్ ఆగిపోతే, ఇంకో ఇంజిన్ ఆ బరువును పైకి లేపలేకపోవచ్చు. పైగా ఇంజిన్లు రెక్కల మధ్యలో, ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. ఒకటి ఆగితే ముక్కు బలంగా పక్కకు లాగేస్తుంది. ఇక టైర్లు. గంటకు దాదాపు 390 కిలోమీటర్ల వేగం దగ్గర విమానం నేల విడుస్తుంది, అంతవరకూ భారమంతా టైర్ల మీదే. 1969 ఏప్రిల్ 11న అమెరికాలోని ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో టేకాఫ్ పరుగులో టైరు పేలి మంటలు లేచి 954 నంబరు విమానం నాశనమైంది. అందుకే సాధారణంగా 45,000 నుంచి 65,000 పౌండ్ల ఇంధనంతోనే లేచేవారు. తక్కువ నింపింది మనుషులే, తెలిసే నింపారు.

రెండోది నైట్రోజన్, అసలు సంగతి ఇక్కడుంది. ఇంధనం ఖర్చవుతున్నకొద్దీ ట్యాంకులో పైభాగం ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలో గాలి ఉంటే, వేడెక్కిన ఇంధనపు ఆవిరి ఆ గాలితో కలిసి పేలే ప్రమాదం ఉంది. కాబట్టి ఫ్లాస్కుల్లో ద్రవ నైట్రోజన్ తీసుకెళ్లి, ఆవిరిగా మార్చి, ఆ ఖాళీలోకి వదిలేవారు. దిగేటప్పుడు బయటి గాలి ఒత్తిడికి ట్యాంకులు నొక్కుకుపోకుండా కాపాడింది కూడా ఆ నైట్రోజనే. అయితే సగం నింపిన ట్యాంకుతో లేచిన విమానంలో ఆ మిగతా సగం మామూలు గాలే. దాన్ని తరిమేయడానికి సులువైన దారి ట్యాంకును అంచుదాకా నింపడం. ఇంధనం పైకి వస్తుంటే గాలి వెంట్ల గుండా బయటికి పోతుంది. ఆ తరవాత ఇంధనం తగ్గిన ప్రతి అంగుళంలోకీ వచ్చేది నైట్రోజన్ మాత్రమే. ఇలా చేయకపోతే మ్యాక్ 2.6 దాటకూడదన్నది నిబంధన. గాల్లో ట్యాంకర్ చేసిపెట్టిన పని ఇది.

దీనికి గట్టి రుజువు ఒకటుంది. ట్యాంకర్ లేకుండానే నేరుగా మ్యాక్ 3కి వెళ్లాల్సిన మిషన్లకు నేల మీదే ఒక పద్ధతి ఉండేది, దాన్ని "యో-యో" అనేవారు. ముందు ట్యాంకులు అంచుదాకా నింపేవారు. తరవాత నైట్రోజన్ ఎక్కిస్తూ, టేకాఫ్‌కు కావాల్సినంత ఉంచి మిగతా ఇంధనం వెనక్కి తోడేసేవారు. ఖాళీలో నైట్రోజనే ఉంది కాబట్టి విమానం లేచి తిన్నగా మ్యాక్ 3కి వెళ్లిపోయేది. శ్రమ, సమయం ఎక్కువ కాబట్టి రోజూ చేయలేదు. కారుడే అసలు ఇబ్బంది అయ్యుంటే ఈ పద్ధతికి అర్థమే లేదు.

ట్యాంకర్ వెనక చేరాక జరిగేది కూడా చూడాలి. సుమారు 25,000 అడుగుల ఎత్తులో, ట్యాంకర్‌కు చేతనైనంత వేగంలో, బ్లాక్‌బర్డ్ తన స్వభావానికి విరుద్ధంగా మెల్లగా నడవాలి. నిండుతున్నకొద్దీ బరువెక్కి వెనకబడుతుంది. చివరి వేల పౌండ్లు ఎక్కేటప్పుడు పైలట్ ఒక ఇంజిన్‌కు ఆఫ్టర్‌బర్నర్ (వెనక అదనంగా ఇంధనం మండించి తోపు పెంచే భాగం) వెలిగించి, ముక్కు పక్కకు లాగుతుంటే తోక దగ్గరి రడ్డర్‌తో సరిచేసుకుంటూ, ఇంధనం ఎక్కించే గొట్టం (బూమ్) ఊడకుండా నిలబెట్టాలి. ఎంతో నైపుణ్యం కావాల్సిన ఈ పనిని, కారిపోయింది కాబట్టి మళ్లీ పోశారు అని తేల్చేయడం ఆ పైలట్లకు అన్యాయం.

"అగ్గిపుల్ల గీసినా అంటుకోదు."

మామూలు ఎండకు, నేల మీద పడిన జేపీ-7 (ఈ విమానం వాడిన ఇంధనం) విషయంలో ఇది చాలావరకు నిజం. ఆ ఇంధనం ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు తగిలితే దాని ఆవిరి అంటుకునే కనీస వేడి, 60 డిగ్రీల సెల్సియస్. విమానం ఒంట్లోని వేడిని పీల్చుకునే కూలెంట్‌గా కూడా దాన్నే వాడారు కాబట్టి, తొందరగా ఆవిరికాని ఇంధనం కావాల్సి వచ్చింది. కానీ అంటుకోదంటే ఎప్పుడూ అంటుకోదని కాదు. పైన చెప్పిన 954 మంటల్లోనే పోయింది. 1967 జనవరిలో అదే ఎడ్వర్డ్స్‌లో బ్రేకుల పరీక్షలో 950 నంబరుదీ అదే గతి. ఎర్రగా కాలిన చక్రం దగ్గర, పొగమంచులా చిమ్మిన ఏ ఇంధనమైనా మండుతుంది.

అంటించడం కష్టం కాబట్టే ట్రైఇథైల్ బోరేన్ వాడారు. గాలి తగిలితే చాలు, ఆ ద్రవం దానంతటదే ఆకుపచ్చ మంటతో వెలుగుతుంది. ఇంజిన్‌కు సుమారు 600 మిల్లీలీటర్లు, కనీసం 16 వెలిగింపులకు సరిపడా. ఇంజిన్ స్టార్ట్‌కు ఒకటి, ఆఫ్టర్‌బర్నర్ వెలిగించిన ప్రతిసారీ ఒకటి. ఇంజిన్ శక్తిని పెంచి తగ్గించే థ్రాటిళ్ల దగ్గరి కౌంటర్ 16 నుంచి ఒక్కొక్కటే తగ్గుతూ వస్తుంది. ట్యాంకర్ దగ్గరికి దిగి మళ్లీ పైకెక్కిన ప్రతిసారీ ఆ అంకె తగ్గుతుంది కాబట్టి పైలట్ కన్ను దాని మీద ఉండేది.

"నాలుగు వేల క్షిపణులు, వేగం పెంచి తప్పించుకుంది."

శత్రువు కాల్పుల్లో ఒక్క ఎస్ఆర్-71 కూడా పోలేదు. ఇది పూర్తిగా నిజం. వేగం పెంచి పారిపోవడమన్న బొమ్మే తప్పు. మ్యాక్ 3 నుంచి 3.2కి వెళ్తే పెరిగేది వందకు ఆరేడు వంతులు. పక్కకు తిరగడమూ సులువు కాదు: 30 డిగ్రీలు వంగి తిరిగితే ఆ మలుపు వ్యాసార్ధం 150 కిలోమీటర్ల పైమాటే. కాపాడింది వేరే లెక్క. సెకనుకు 950 మీటర్లు వెళ్లే విమానం 24 కిలోమీటర్ల ఎత్తులో ఉంది. నేల నుంచి లేచిన క్షిపణి అక్కడికి చేరడానికి 40 సెకన్లు పట్టిందనుకుంటే, ఈలోపు విమానం 38 కిలోమీటర్లు జరిగిపోతుంది. కాబట్టి అది ఇంకా దూరంగా ఉండగానే చూసి, లెక్కకట్టి, ముందున్న చోటికి వదలాలి. ఆ కొద్ది సమయాన్ని శత్రు రాడార్‌ను గందరగోళపరిచే, విమానంలోని జామింగ్ పరికరాలు ఇంకా పాడుచేసేవి. ఆ ఎత్తులో గాలి పలచన, చిన్న రెక్కల క్షిపణి చివరి క్షణంలో దారి మార్చుకోలేదు.

అసలు తగలనే లేదా అంటే, దీని అన్న లాంటి సీఐఏ ఏ-12కు తగిలింది. 1967 అక్టోబర్ 30న ఉత్తర వియత్నాం మీద క్షిపణులు పేలాయి. తిరిగొచ్చాక రెక్క మొదట్లో ఒక లోహపు ముక్క దొరికింది. ఇంకో మాట: ఎస్ఆర్-71ను సోవియట్ భూభాగం లోపలికి పంపలేదు. సరిహద్దుల పక్కనుంచే చూసేది. 1987 జూన్ 29న బాల్టిక్ సముద్రం మీద ఒకదాని ఇంజిన్ చెడిపోయి ఎత్తు, వేగం కోల్పోతే స్వీడన్ విగెన్ ఫైటర్లు పక్కన నిలిచి కాపుకాశాయి. ఆ పైలట్లకు అమెరికా 2018లో ఎయిర్ మెడల్ ఇచ్చింది. అజేయమన్న కథల్లో ఈ సంఘటన కనపడదు. తయారైన 32 విమానాల్లో 12 ప్రమాదాల్లో పోయాయన్న అంకె కూడా కనపడదు.

"ఇంతకంటే వేగంగా వెళ్లింది లేదు."

ఎక్స్-15 ఉంది. 1967 అక్టోబర్ 3న మ్యాక్ 6.7, గంటకు సుమారు 7,270 కిలోమీటర్లు. అది రాకెట్ విమానం, బీ-52 రెక్క కింద నుంచి వదిలారు. తన ఇంజిన్లకు గాలి పీల్చుకుంటూ, రన్‌వే మీద నుంచి లేచి, మనిషి నడిపిన జెట్ అన్న తరగతిలో రికార్డు మాత్రం ఎస్ఆర్-71దే: 1976 జూలై 28న గంటకు 3,529.6 కిలోమీటర్లు. అది ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఆ తరగతి పేరు రాస్తే రికార్డుకు వచ్చే నష్టమేమీ లేదు.

దీనికే తోకగా ఇంకో మాట తిరుగుతుంది: ఇంకా బలమైన ఇంజిన్ పెట్టుంటే మ్యాక్ 4 కొట్టేదని. ఇంజిన్ బలం కాదు హద్దు. మ్యాక్ 3.2 దగ్గర గాలిని ఇన్‌టేక్‌లో (ఇంజిన్‌కు గాలి తెచ్చే దారిలో) నెమ్మదింపజేసి నొక్కేసరికి, ఇంజిన్ ముందు భాగమైన కంప్రెసర్ ముఖం దగ్గరే ఆ గాలి 400 డిగ్రీలు దాటుతుంది. హద్దు 427 డిగ్రీల సెల్సియస్. బయట గాలి చల్లగా ఉన్న రోజు కాస్త ఎక్కువ వేగం, వెచ్చగా ఉన్న రోజు తక్కువ. థ్రాటిల్‌లో ఇంకా జాగా మిగిలున్నా, ఆ గేజ్ ముల్లు 427 దగ్గరికి రాగానే పైలట్ వెనక్కి లాగేవాడు.