పట్టింపులు లేని పై పోర్షన్

హనుమకొండలో మా ఓనర్ గారికి పట్టింపులు లేవు. నేనంటున్న మాట కాదిది, ఆయనే అంటారు. ఇల్లు అడగడానికి వచ్చిన ప్రతి ఒక్కరితోనూ అంటారు, వాళ్లను పంపించేసే ముందు. గేటుకు వేలాడే టులెట్ బోర్డు మీద ఫోను నంబరు తప్ప ఒక్క షరతూ ఉండదు. ఆ లెక్కన వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడూ కలిపి చూసినా ఇంత ఉదారమైన ఇల్లు మరొకటి ఉండదు. నాలుగు నెలలుగా పై పోర్షన్ ఖాళీగా ఉండటమొక్కటే దానికి మచ్చ.

ఆయన పద్ధతి శాస్త్రీయమైనది. మొదట మంచినీళ్లు ఇస్తారు. తర్వాత సొంతూరు ఏదని అడుగుతారు. ఆ తర్వాత, ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు అంటారు. ఈ ప్రశ్నను తక్కువగా అంచనా వేయకూడదు. మన పల్లెల్లో వాడ చెబితే వంశవృక్షం చెప్పినట్టే. అప్పటికీ తేలకపోతే ఇంటిపేరు. అదీ తేల్చకపోతే చివరి అస్త్రం: "నీసు వండుతారా?" ఆదివారం తెల్లవారకముందే మటన్ దుకాణానికి సంచితో బయల్దేరే మనిషి ఈ మాట అడిగితే, ఆరా తీస్తున్నది వంట గురించి కాదని ఎదుటివాళ్లకు అర్థమవుతుంది. "మాకేమీ పట్టింపులు లేవు బాబూ, మా అమ్మది పాతకాలం" అంటూ సాగనంపుతారు. ఆ అమ్మగారు పదేళ్లుగా కరీంనగర్‌లో పెద్దకొడుకు దగ్గర ఉంటున్నారు.

ఈ విద్యలో అమెరికా వాళ్లు మన కన్నా చాలా వెనకబడ్డారు. చైనీయుల వలసకు అక్కడి చట్టమే అడ్డంగా ఉన్న రోజుల్లో, లాపియర్ అనే సామాజిక శాస్త్రవేత్త ఒక చైనా దంపతులను వెంటబెట్టుకుని ఆ దేశమంతా తిరిగాడు. 251 హోటళ్లు, విడిదులు, భోజనశాలల గడప తొక్కితే కాదన్నది ఒక్కచోటే. ఆరు నెలలు ఆగి అవే చోట్లకు ఉత్తరాలు రాసి, చైనా వాళ్లను రానిస్తారా అని అడిగాడు. జవాబిచ్చిన వాళ్లలో నూటికి 90 మందికి పైగా రానివ్వమన్నారు. 1934లో ఇదంతా అచ్చువేశాడు. పాపం, కాగితం మీద అంత కఠినంగా ఉన్నవాళ్లు మనిషి గుమ్మంలో నిలబడేసరికి మెత్తబడిపోయారు! మనకు ఆ బలహీనత లేదు. బోర్డు మీద అందరికీ స్వాగతం, మనిషి గుమ్మంలోకి వచ్చాకే అసలు పని మొదలు.

పై పోర్షన్ కిరాయి నెలకు 9,000. నాలుగు నెలలకు 36,000. మోటారు పది నిమిషాలు ఎక్కువ నడిస్తే కింది నుంచి కేకేసే మనిషి ఇంత నష్టాన్ని చిరునవ్వుతో ఎలా భరిస్తున్నారో నాకు చాలాకాలం అంతుపట్టలేదు. 1970 ప్రాంతంలో హెన్రీ టాజ్‌ఫెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బ్రిస్టల్ బడిపిల్లలకు తెర మీద చుక్కలు చూపించి, ఎన్ని ఉన్నాయో చెప్పమన్నాడు. తర్వాత చీటీలు తీసినట్టు రెండు జట్లు చేసి, మీరు చుక్కలు ఎక్కువ చెప్పినవాళ్లు, వాళ్లు తక్కువ చెప్పినవాళ్లు అని నమ్మించి, డబ్బు పంచే పని అప్పగించాడు. చాలామంది తమ జట్టుకే ఎక్కువ పంచారు. ఇంకో విడతలో చుక్కల బదులు, ఏ చిత్రకారుడి బొమ్మలు నచ్చాయన్నదాన్ని బట్టి జట్లు చేశామని నమ్మిస్తే, తమ జట్టుకు కాస్త తక్కువ వచ్చినా సరే, అవతలి జట్టుకు అంతకన్నా తక్కువ రావాలన్నట్టు పంచారు. ఎన్నడూ లేని జట్టు కోసం పిల్లలే అంత నష్టానికి సిద్ధపడితే, వేల ఏళ్ల చుక్కలున్న మనకు 36,000 ఒక లెక్కా?

ఇక ఆధారాలు లేకుండా ఆయన మాట్లాడరు. కరోనా తర్వాత ఇళ్లన్నీ ఖాళీగా పడి ఉన్నప్పుడు, గత్యంతరం లేక ములుగు వైపు నుంచి వచ్చిన ఒక గిరిజన లెక్చరర్‌కు పై పోర్షన్ ఇచ్చారు. రెండేళ్లు ఒకటో తారీఖు దాటకుండా కిరాయి కట్టాడు, మొక్కలకు నీళ్లు పోశాడు. ఖాళీ చేసిన రోజు ఓనర్ గారి కళ్లు చెమర్చాయి: "వాళ్లలో ఇలాంటి మనిషి ఉండడం అరుదండీ." కంచె తీసి ఒకరిని లోపలికి రానిచ్చి, వెంటనే మళ్లీ గట్టిగా కంచె వేసుకునే ఈ నేర్పును గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే వివరించాడు. అంతకుముందు అదే ఇంట్లో ఓనర్ గారి బావమరిది కొడుకు నల్లా విరగ్గొట్టి మూడు నెలల కిరాయి ఎగ్గొట్టి పోయాడు. అది కుర్రతనం.

అలాగని ఆయనకు భక్తి లేదనుకోవద్దు. రెండేళ్లకోసారి మేడారం తప్పరు. కోయ పూజారులు చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెస్తుంటే జనంలో నలుగుతూ దండం పెడతారు, నిలువెత్తు బంగారం, అంటే తన బరువుకు సరితూగే బెల్లం, తూయిస్తారు. (ఆయన ఒళ్లు చూస్తే బెల్లం వ్యాపారికి జాతర అక్కడే పూర్తవుతుంది.) ఆ తల్లి ఇంటిపేరు మాత్రం ఆయన ఏనాడూ అడగలేదు.

ఇంతకీ నాకు ఈ ఇల్లు ఎలా దొరికిందంటే, నా ఇంటిపేరు మూడు కులాల్లో ఉంది. ఆయన తనకు నచ్చినది అనుకున్నారు. నేను సరిదిద్దలేదు. అప్పటికి పదకొండు ఇళ్లు తిరిగి ఉన్నాను.

మొన్న జాతరకు పోతూ పై పోర్షన్ తాళం నాకిచ్చి, "మీకు తెలుసు కదా" అన్నారు. మర్నాడు సాయంత్రం ఒక కుర్రవాడు, చంకలో పాపతో భార్య, బోర్డు చూసి వచ్చారు. కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాను. పైకి వెళ్లి ఇల్లు చూద్దాం రండి అనబోయాను. నోటి నుంచి వేరే మాట వచ్చింది:

"మీ సొంతూరు ఎక్కడ?"

అతను చెప్పాడు. నేను అక్కడితో ఆగవచ్చు.

"ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు?"

అతను గ్లాసు కింద పెట్టి భార్య వైపు చూశాడు. ఆమె అప్పటికే లేచి, పాపను భుజం మీదకు ఎత్తుకుంటోంది.